బోణీ వేళకి విశాఖ

మా ఇంట్లో శని, ఆదివారాలు సెలవులు కావు, గిరాకీ రోజులు. భిలాయ్ సెక్టర్ 2 మార్కెట్లో మాకు ప్లాస్టిక్, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. స్టీలు ప్లాంటు ఉద్యోగులు వారమంతా డ్యూటీలు చేసుకుని, ఈ రెండు రోజుల్లోనే భార్యలతో వచ్చి, బకెట్లు తిరగేసి, అడుగున గోటితో కొట్టి చూసి, నేను చెప్పిన ధరకి వాళ్లు నవ్వి, వాళ్లు చెప్పిన ధరకి నేను నవ్వాక, చివరికి పట్టుకెళ్తారు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, సైకిలు వెనక గిన్నెల మూట కట్టుకుని క్వార్టర్ల మధ్య తిరిగిన రోజుల నుంచీ మా ఇంటికి తెలిసిన విద్య ఇదొక్కటే. నాకు అక్షరాలు రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. అందులో గొప్పేమైనా ఉందా అన్న అనుమానం నాకు పెళ్లయ్యేవరకు రాలేదు.

మా ఆవిడ కూడా ఆ సెక్టర్‌లోనే, దుకాణానికి నాలుగు వీధుల అవతల క్వార్టర్లో పెరిగింది. మామగారిది ప్లాంటులో నౌకరీ, బొగ్గు కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్స్‌లో. ఆయనకి వారానికో రోజు ఆఫ్ ఉండేది. ఆ రోజు పిల్లలందరికీ తలకి నూనె రాసి, టిఫిన్ డబ్బా పట్టుకుని మైత్రీబాగ్‌కి తీసుకెళ్లేవారట. జంతువుల్ని చూసి, గడ్డి మీద కూర్చుని తిని, సాయంత్రానికి ఇంటికి. ఆఫ్ అంటే ఏమిటో తెలిసిన ఇంటి నుంచి వచ్చి, ఆ మాటే తెలియని ఇంట్లో పడింది పాపం.

పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం తీసుకెళ్తానన్నాను, తీసుకెళ్లాను. నేను చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. అక్కడ ఒక టోకు వ్యాపారి పాత సరుకు వదిలించుకుంటున్నాడని నాకు కబురు అందింది. కొత్త పెళ్లికూతురు రెండు రోజులపాటు గోదాములో బోర్లించిన బకెట్ల మీద కూర్చుంది. నేను ఆ వ్యాపారితో బేరమాడుతూనే ఉన్నాను. ఆవిడ సముద్రాన్ని చూసింది బస్సు కిటికీలోంచి, ఒక మలుపు దగ్గర, ముందు సీటాయన తల మీదుగా.  ఆ తర్వాత ఇరవై మూడేళ్లు, ఇంటికొచ్చిన ఎవరు విశాఖ మాట ఎత్తినా నింపాదిగా చెప్పేది: "సూశానండీ. అక్కడ బకెట్లు బలే బావుంటాయి."

పోయిన చలికాలం ఒక శనివారం, కొత్తగా పెళ్లయిన జంట ఒకటి మా దుకాణానికి నీళ్ల సీసా కొనడానికి వచ్చింది. విశాఖ వెళ్తున్నామని వాళ్లే చెప్పారు. మా ఆవిడ సీసా కవర్లో పెట్టిచ్చి, వాళ్లు మెట్లు దిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"ఏండీ, ఊరంతా మన దగ్గర శనివారం సామాను కొనుక్కుని ఆదివారం ఘూమ్‌నే, షికారుకి ఎల్తాది. ఒక్క శని ఆదివారం నాను కూడా ఊరిలాగుంటాను."

"ఉందూగాని. ఎక్కడికెల్దాం?"

"ఎక్కడికో మీకు తెల్దా? విశాఖపట్నం."

నేను మూతల దొంతర సర్దుతున్నట్టు నటించాను.

"రెండే కోరికలు," అంది. "సముద్రంలో నా కాళ్లు తడవాల. సాయంత్రం సముద్రం కనపడే హోటల్లో, కిటికీ పక్కన కూకుని, తీరుబడిగా తినాల. మెనూ కార్డు నా చేతిలో ఉండాల. ఈసారీ మీ బేరాల్లోనే పోయిందనుకోండి, ఇంక బతికుండగా నా దగ్గిర ఆ ఊరి పేరెత్తొద్దు."

"పక్కా," అన్నాను.

"మీ పక్కా ఎంత పక్కావో నాకు తెలుసు."

గొంతు పెంచి అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. మూతకి మూత సరిపోయిందో లేదో చూసుకునేటప్పుడు ఉండే గొంతుతో అంది. ఈ రెండు రోజులు కూడా చెడగొడితే మూడోసారి అడగదని నాకు అర్థమైంది.

సరే, ప్రయాణం పథకం వేసే బాధ్యత నాది. మనిషిని మార్చుకోవడం అంత తేలిక కాదు కదా. కాగితం ముందు పెట్టుకోగానే నా బుర్ర దానికి తెలిసిన దారిలోనే నడిచింది. ఆ దారి పేరు బోణీ.

బోణీ విలువ కౌంటరు అవతల నిలబడేవాళ్లకి సగమే తెలుస్తుంది, ఇవతల నిలబడేవాళ్లకి పూర్తిగా తెలుస్తుంది. రోజు మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా ఉత్తదే అని మా నమ్మకం. అందుకే పొద్దున్నే వచ్చినవాడు ఏం అడిగినా మా నాన్న మెత్తబడిపోయేవాడు. డబ్బు చేతిలో పడగానే కళ్లకద్దుకుని, గల్లాపెట్టెకి తాకించి, లోపల వేసేవాడు. మధ్యాహ్నం వచ్చి అదే ధర అడిగిన మనిషిని దొంగని చూసినట్టు చూసేవాడు. అమ్మేవాడి ఈ బలహీనత పుట్టినప్పటి నుంచి ఎరిగిన నేను, కొనేవాడి హోదాలో విశాఖ వెళ్తున్నాను. ఇంతకన్నా అవకాశం ఏముంటుంది? విశాఖలో ప్రతి చోటా మేమే బోణీ కావాలని నిర్ణయించాను.

పాత క్యాలెండరు కాగితం వెనక రాశాను. రైలు తెల్లవారగానే దించుతుంది. గదిలో సంచులు పడేసి, పొయ్యి వెలిగించిన వేళకి టిఫిన్ బండి దగ్గర ఉండాలి. అప్పుడే బయటికి తీసిన ఆటో ఎక్కాలి. తెరవగానే కైలాసగిరి. షట్టర్ ఎత్తుతుండగా మధ్యాహ్న భోజనం. నాలుగింటికి దుకాణాలు మళ్లీ తీసే వేళకి శంఖాలు, గవ్వలు అమ్మేవాళ్ల దగ్గరికి. ఆదివారం కూడా ఇదే వరస, భీమిలి వైపు.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"భోజనం పదకొండుకా?"

"పదకొండుకే షట్టర్ లేపుతారు."

"మరి పడుకునేది?"

"ట్రైన్లో పడుకుంటాం కదే."

"మా నాన్న ఫస్ట్ షిఫ్టుకి కూడా ఇలాగెల్లలేదండీ. ఇది చుట్టీయా, డ్యూటీయా? షిఫ్టు హూటర్ మీరు కొడతారా, నన్ను కొట్టమంటారా?" కాగితం మళ్లీ మొదటి నుంచి చూసింది. "ఇందులో సముద్రం ఎక్కడుంది?"

నేనూ చూశాను. లేదు. సముద్రానికి షట్టర్ లేదు, తెరిచే వేళ లేదు, బోణీ లేదు. అందుకని నా పెన్ను దాని మీద నుంచి దాటిపోయింది.

"అన్నీ దాని పక్కనే కదే ఉన్నాయి," అన్నాను.

ఆవిడ నా జేబులోంచి పెన్ను తీసుకుంది. ఆదివారం కింద నేను రాసినదంతా అడ్డంగా కొట్టేసి, ఈ చివర నుంచి ఆ చివరదాకా హిందీ అక్షరాల్లో ఒకే మాట రాసింది: సముందర్. బడిలో నేర్చుకున్నది హిందీయే కాబట్టి, కోపం వస్తే ఆవిడ రాత హిందీలోకి వెళ్తుంది. శనివారం జోలికి మాత్రం ఎందుకో పోలేదు. పైగా ఇంకోసారి చదివి, మూతి పక్కకి తిప్పి నవ్వుకుంది. ఆ నవ్వు నా తెలివికి మెచ్చుకోలనుకున్నాను.

ఇక మిగిలింది కిటికీ పక్క టేబుల్. బీచ్ రోడ్డులో ఒక హోటల్ ఫొటోలు మా ఆవిడకి నచ్చాయి. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది. శనివారం సాయంత్రం టేబుళ్లు ముందుగా ఎవరికీ ఉంచరట. ఏడింటికి తలుపు తీస్తారు, ముందొచ్చినవాళ్లకి ముందు. నేను మధ్యాహ్నం మళ్లీ చేసి, మా పెళ్లిరోజన్నాను. సాయంత్రం గొంతు మార్చి, భిలాయ్ నుంచి చాలా పెద్ద సారు సతీసమేతంగా వస్తున్నారని చెప్పాను.

"సార్," అందా అమ్మాయి ఎంతో మర్యాదగా, "పొద్దున్న మీరు చేసినప్పుడే చెప్పాను కదండీ, ఏడింటికి రండి."

పక్కనే లెక్కలేనన్ని గరిటెలు తుడుస్తున్న మా ఆవిడ ఏమీ విననట్టే ఉంది. "పెద్ద సారు గారూ, అన్నం తింటారా?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి, పక్క చెప్పుల దుకాణం భయ్యాకి చెప్పి, రాయ్‌పూర్‌లో రైలెక్కాం. శనివారం నా కాగితం ప్రకారమే తెల్లారింది. గది దగ్గర సందు మొదట్లో ఒక పెద్దావిడ టిఫిన్ బండి పెట్టుకుని, ఇడ్లీ కుక్కరు మూత అప్పుడే తీస్తోంది. మేమే మొదటివాళ్లం. రెండు ప్లేట్లు తిన్నాం. డబ్బులిచ్చే ముందు, ఒక వడ అదనంగా రాబట్టే మాట నాలుక చివరదాకా వచ్చింది. అంతలో ఆవిడ చెయ్యి చాపి అంది: "బోణీ బాబూ. మంచి మనసుతోటి ఇయ్యి."

వడ మాట మింగేసి పర్సు తీశాను.

ఈ మాట నేను రోజూ పొద్దున్న కౌంటరు ఇవతల నుంచి అనే మాట. అది విన్నాక కూడా గీచి గీచి బేరమాడే మనుషుల గురించి నేను లోపల ఏమనుకుంటానో నాకు తెలుసు. అదంతా ఇక్కడ రాయడానికి కుదరదు. ఆవిడ అడిగినంతా ఇచ్చేశాను. ఆవిడ కళ్లకద్దుకుని, పొయ్యికి తాకించి, డబ్బాలో వేసుకుంది. అచ్చం మా నాన్నలా.

ఆటో అతను ఇంకా ఘటికుడు. ఎంతకొస్తావని అడిగితే, అద్దం తుడుస్తూ, "పొద్దున్నే బోణీ బేరం సార్, మీరెంతిస్తే అంత," అన్నాడు. ప్రపంచంలో ఇంతకు మించిన ఉచ్చు లేదు. పదిమందికి వేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అతను నోరు తెరిచి అడిగి ఉంటే ఎంత అడిగేవాడో, అంతకన్నా ఎక్కువే నా చేయి ఇచ్చింది. కొండ మీద మొక్కజొన్న కంకులావిడ, కొబ్బరి బొండాలతను, అందరిదీ ఒకటే మాట. అందరికీ మేమే బోణీ. ఎంత పద్ధతిగా పథకం వేశానంటే, తప్పించుకోవడానికి ఒక్క సందు కూడా మిగల్చలేదు. మధ్యాహ్నానికల్లా, బేరమన్నది ఆడకుండా ఒక పూట గడిపిన మనిషినయ్యాను. మా వంశంలో ఇది మొదటిసారి అయ్యుంటుంది.

రోప్‌వే తొట్టిలో కూర్చున్నాక మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏటండీ, జ్వరం గాని వొచ్చిందా?"

"అందరూ బోణీ అంటన్నారే. ఏటి సేయమంటావు?"

అప్పుడు నవ్వింది. కాగితం చదివినప్పుడు మూతి పక్కకి తిప్పి దాచుకున్న నవ్వు అదే. తొట్టి ఊగేలా నవ్వింది. "మీరు రాసిన్నాడే నాకు తెలుసండీ. ఎదుటోడి బోణీ పాడుసేసే దమ్ము మీకు లేదు. దుకాణపోడి కడుపున పుట్టినోరు."

"మరి అప్పుడే సెప్పలేదేం?"

"సెప్తే మార్సేసేవోరు కదా. బేరం లేకుండా మీతోటి ఒక్క రోజు తిరగాలని ఇరవై మూడేళ్లబట్టి సూస్తన్నాను."

కింద సముద్రం నీలంగా పరుచుకుని ఉంది. నేను దాన్ని చూస్తూ, ఈ బేరంలో ఎవరు ఎవర్ని గెలిచారో ఆలోచించుకున్నాను. ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

సాయంత్రం ఆరున్నరకే హోటల్ ముందు ఉన్నాం. నా పథకానికి అక్కడ దెబ్బ తగిలింది. అప్పటికే రెండు కార్లలో దిగిన పెద్ద కుటుంబం తలుపు దగ్గర నిలబడి ఉంది. డజను మందికి పైనే. ఏడింటికి తలుపు తెరిచారు. లోపల గల్లా దగ్గర తెల్లని చొక్కాలో పెద్దాయన ఒకాయన, దేవుడి పటం ముందు దీపం పెట్టి, అగరబత్తి గుచ్చుతున్నాడు. కిటికీ పొడుగునా అయిదు టేబుళ్లు. ఆ కుటుంబం పెద్ద ముందుకెళ్లి, "అయిదూ కలిపేయండి. ఇంతమందిమి వచ్చాం, ఎంత తగ్గిస్తారు?" అని మొదలుపెట్టాడు. ఆ గొంతు, ఆ నడుము మీద చెయ్యి, మొహం పక్కకి తిప్పి వెళ్లిపోతానన్నట్టు ఒక అడుగు వెనక్కి వెయ్యడం. నన్ను నేను అద్దంలో చూసుకుంటున్నట్టే ఉంది. చూడముచ్చటగా ఏమీ లేదు.

కిటికీ పోయిందనుకున్నాను. "లోపలి టేబుల్ తీసుకుందామే. కాస్త మెడ తిప్పితే సముద్రం కనపడుద్ది," అన్నాను. అంటున్నప్పుడే, బస్సు కిటికీలో ముందు సీటాయన తల గుర్తొచ్చింది.

"మీరాగండి," అని మా ఆవిడ కొంగు సర్దుకుని గల్లా దగ్గరికి నడిచింది. కుటుంబం పెద్ద ఎంత తగ్గాలో ఫోన్లో ఎవరినో సంప్రదిస్తున్నాడు.

"బాబాయ్‌గారూ," అంది. "మాది భిలాయ్‌లో సామాన్ల దుకాణమండీ. దీపం పెట్టాక వొచ్చే మొదటి గిరాకీ అంటే ఏటో మాకూ తెలుసు. ఆ పెద్దోరి బేరం తెగేసరికి మీ అగరబత్తి ఆరిపోద్ది. మేమిద్దరమే. ఆ మూల కిటికీ టేబుల్ ఒక్కటీ ఇప్పించండి. కార్డు మీద ఏ రేటుంటే అదే. తగ్గించమని ఒక్క మాట అడగం. నా చేత్తో బోణీ సేస్తాను."

పెద్దాయన ఆవిడ వైపు చూశాడు. కొనేవాళ్ల గుంపులో తోటి వ్యాపారిని గుర్తుపట్టినప్పుడు మా కళ్లలో ఒక వెలుగొస్తుంది. అది ఆయన కళ్లలోకి వచ్చింది. "ఆయనేనా మీ వారు?" అని నన్ను చూపించి అడిగాడు.

"ఆరేనండీ. కానీ మాటాడేది నాను."

ఆవిడ పర్సులోంచి ఒక నోటు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని, గల్లాకి తాకించి, లోపల వేశాడు. "రండమ్మా," అని తనే లేచి, మమ్మల్ని మూల టేబుల్ దాకా తీసుకెళ్లి కుర్చీ జరిపాడు. మిగతా నాలుగు టేబుళ్లూ కలిపి ఆ కుటుంబానికి వేయించాడు. వాళ్లకి ఏమైనా తగ్గించాడో లేదో మేము అడగలేదు. అడగాలని నాకు చాలా ఉండింది.

నలభై ఏళ్లుగా నేను ఆడిన బేరమంతా ధర చుట్టూ తిరిగింది. ధరని ముట్టుకోకుండా కావలసింది ఇంత సునాయాసంగా రాబట్టవచ్చని మా నాన్న కూడా నాకు చెప్పలేదు. ఆయనకి తెలిసి ఉండదు. అంతమంది కంటే ముందు, ఒక దీపం, ఒక నోటు, నాలుగు మాటలు.

మెనూ కార్డు ఆవిడ చేతిలోకి వచ్చింది. నేను తలకిందులుగా కూడా ధరల వరస చదవగలను కనుక, ఆవిడ కార్డు నిలబెట్టి అడ్డం పెట్టుకుంది. వంజరం వేపుడు చెప్పింది, పీతల ఇగురు చెప్పింది.

"పీతలెందుకే, తినేసరికి గంట పడుద్ది."

"అందుకే. రెండు చేతులూ పీతలోనే ఉంటే మీరు ఫోన్ తియ్యలేరు."

నిజమే. గంటకు పైగా పట్టింది. కాళ్లు విరవడం, చీకడం, మళ్లీ విరవడం. ఈలోపల బయట చీకటి చిక్కబడి, సముద్రం మీద ఒక్కొక్క దీపం స్పష్టంగా కనిపించసాగింది. అలా దూరంగా ఓడలు బారుగా ఆగి ఉన్నాయి.

"అయి ఎక్కడికెల్తాయండీ?"

"ఎక్కడికీ ఎల్లవు. పోర్టులోకి రావడానికి లైన్లో ఉన్నాయి. కొన్నిట్లో కోకింగ్ బొగ్గుంటాది. ఇక్కడ దించి రైలెక్కిస్తే మన ప్లాంటుకొస్తాది."

ఆవిడ చేతిలో పీత కాలు ఆగింది. "మా నాన్న ఓవెన్లోకి ఎల్లిందా?"

"ఎల్లే ఉంటాది."

చాలాసేపు ఆ దీపాల వైపు చూస్తూ కూర్చుంది. నేను గడియారం చూడలేదు. చేతుల నిండా మసాలా కాబట్టి చూడలేదని కాదు. హాలు నిండిపోయింది, బయట మనుషులు నిలబడ్డారు, మమ్మల్ని మాత్రం ఎవరూ లేవమనలేదు. వచ్చేటప్పుడు పెద్దాయన రెండు మీఠా కిళ్లీలు పంపించాడు. "మీ ఆవిడ చెయ్యి మంచిదండీ," అన్నాడు నాతో. అవునన్నాను. 

ఆదివారం కాగితంలో ఉన్నట్టే జరిగింది. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని మోకాళ్లదాకా నీళ్లలో నిలబడింది. అల వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి, పోయినప్పుడల్లా రెండు అడుగులు ముందుకు. నేను నాలుగు చెప్పులూ పట్టుకుని ఒడ్డున ఉన్నాను. ఇసుకతో ఆడుకునే చిన్న చిన్న ప్లాస్టిక్ బకెట్లు దండలా భుజాన వేసుకుని ఒకతను వచ్చాడు. చెప్పులు చంకలో పెట్టుకుని ఒకటి అందుకున్నాను. తిరగేశాను. అడుగున గోటితో కొట్టాను.

"అక్కడ పెట్టేయండి," అని నీళ్లలోంచి వినిపించింది. వెనక్కి తిరిగి చూడకుండానే అంది.

పెట్టేశాను. నేను కూడా పంట్లాం మడిచి నీళ్లలోకి దిగాను. సాయంత్రం రైలు వేళ దాకా బయటికి వచ్చి ఆరడం, మళ్లీ దిగి తడవడం.

సోమవారం పొద్దున్న షట్టర్ ఎత్తి, మా నాన్న ఫొటోకి దండం పెట్టుకుంటుండగానే క్వార్టర్ల నుంచి ఒక దీదీ వచ్చింది. స్నానాల గదికి బకెట్ కావాలంది. రెండు రోజులు దుకాణం ఎందుకు మూశారని మాటవరసకి అడిగింది.

మా ఆవిడ ఆవిడకి స్టూలు వేసింది. ఓడల దగ్గర మొదలుపెట్టింది. వాటిలో బొగ్గు, వాళ్ల నాన్న ఓవెన్, పీత కాలు ఎక్కడ విరవాలి, అల వచ్చే ముందు కాళ్ల కింద ఇసుక ఎలా జారిపోతుంది, అన్నీ తెలుగులో కొంత, హిందీలో కొంత చెబుతూనే ఉంది. దీదీ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింటూనే ఉంది. చివరికి కైలాసగిరి గురించీ, రైలు గురించీ అడిగి తెలుసుకుని, భర్తకి చెప్పాలంటూ హడావుడిగా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఉత్త చేతులతో.

మా దుకాణంలో బోణీ గిరాకీ ఖాళీగా వెళ్లడం నాకు తెలిసి అదే మొదలు. నేను ఆవిణ్ణి వెనక్కి పిలవలేదు. మా ఆవిడ చెప్పిన అంత పొడుగు కథలో, బకెట్ల మాట ఒక్కసారి కూడా రాలేదు.